తీరిన డిక్రీకి చెల్లు వ్రాయించుకొనుట

(సంఘ సభలయందు చదివి చర్చించుటకు ఉద్దేశింపబడిన పాఠము)

అప్పు తీర్చుట యొక పని. తీర్చినట్లు వ్రాయించుకొనుట మఱియొక పని. మన రైతులలోను, కడలిని నమ్ముకొని బ్రతుకు జాలరులలోను మొదటి పనికి వెనుదీయువారు తక్కువ. ఇంటనున్న బంగారము నమ్మియైనను కోర్టు బాకీ తీర్చి, ఆ రాత్రి సుఖముగా నిద్రించినవారిని మేము పెక్కుమందిని ఎఱుగుదుము. కాని రెండవ పనిని తలపెట్టినవారు నూటికి పదిమంది యుందురో లేదో సందేహము. ఈ రెండవ పనిని విడిచిపెట్టుటవలన కలుగు నష్టమెట్టిది, దానిని చేయు విధమెట్టిది, చేయుటకు గడువెంత అను విషయములను ఈ పాఠమున సభ్యులకు విశదపఱచుచున్నాము.

జాలరిపేటనుండి యొక దృష్టాంతము

విశాఖపట్టణమున పెదవాల్తేరు ప్రక్కను సముద్రపుటొడ్డున జాలరిపేట యున్నది. సేద్యగానికి వాన యెట్టిదో అచ్చటివారికి కడలి యట్టిది. ఏటేట ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వఱకు 61 దినములు తూర్పుతీరమున ఇంజను పడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే ఆ నిషేధము మేలైనదే. అయినను ఆ రెండు నెలలు రాబడి యుండదు, వడ్డీ మాత్రము ఆగదు. తుపాను హెచ్చరిక వచ్చిన దినములును అట్టివే. వల చిరిగినను, ఇంజను చెడినను చేబదులుకు పోవలసినదే. మెట్టసేద్యము చేయు రైతునకు ఈ స్థితి క్రొత్తది కాదు.

అట్టి జాలరి యొకడు వల కొఱకును ఇంజను బాగుచేయుట కొఱకును ప్రాంసరీ నోటుమీద 80,000 రూపాయలు తెచ్చెననుకొందము. గడువు దాటెను. ఋణదాత దావా వేసెను. 2019వ సంవత్సరమున కోర్టువారు అసలు 80,000, దావా నాటి వడ్డీ 16,000, ఖర్చులు 9,000, వెరసి 1,05,000 రూపాయలకు డిక్రీ ఇచ్చి, అసలు సొమ్ముపై తీరువఱకు ఏటికి నూటికి 6 చొప్పున వడ్డీ నడచునని ఉత్తరువు చేసిరి. వేట బాగుగా సాగిన రెండేండ్లలో జాలరి ఆ మొత్తమును వడ్డీతోసహా ఋణదాత యింటి అరుగుమీదనే విడతలు విడతలుగా లెక్కపెట్టి యిచ్చెను. "నీ బాకీ తీరినది, పోయి రమ్ము" అని ఋణదాత చెప్పెను. జాలరి నమ్మెను. ఋణదాతయు అబద్ధము చెప్పలేదు.

2023లో ఋణదాత కాలము చేసెను. కొడుకులు పెట్టె తెఱచి చూడగా డిక్రీ నకలు కనబడెను, చెల్లు మాత్రము ఎచ్చటను కనబడలేదు. 2025లో వారు అమలు దరఖాస్తు వేసిరి. డిక్రీ సొమ్ము 1,05,000. ఏటికి 4,800 వంతున ఆరేండ్ల వడ్డీ 28,800. మొత్తము 1,33,800 రూపాయలు. జాలరి కోర్టుకు పోయి జరిగినదంతయు చెప్పుకొనెను. అమలు జరుపు కోర్టు ఆ మాటను లెక్కలోనికి తీసికొనజాలదు.

ఈ కథ మేము కల్పించినది. దీనిలోని న్యాయము మాత్రము కల్పితము కాదు. ఇందు దుర్మార్గుడు లేడని సభ్యులు గమనింపవలెను. జాలరి నిజాయితీపరుడు, ఋణదాత నిజాయితీపరుడు, కొడుకులు తండ్రి కాగితమును నమ్మినవారు. వ్రాత లేకపోవుట యొకటే దోషము. మోసగానివలన మాత్రమే ఇట్టి ఆపద వచ్చునని తలచువారు ఈ విషయమును మఱవరాదు.

కోర్టు ఏల నమ్మదు?

1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులో 21వ ఆర్డరు 2వ రూలు ఈ విషయమున మనకు ముఖ్యమైనది. దాని సారాంశమిది. డిక్రీ సొమ్ము కోర్టు వెలుపల ముట్టినయెడల ఆ సంగతిని డిక్రీదారుడు కోర్టునకు తెలిపి నమోదు చేయింపవలెను. అతడు తెలుపనిచో బాకీదారుడు తానే అర్జీ పెట్టి, డిక్రీదారునికి నోటీసు పంపించి, చెల్లు నమోదు చేయించుకొనవచ్చును. జామీనుగా నిలిచినవానికిని ఈ హక్కు కలదు. ఇట్లు నమోదు కాని చెల్లింపును డిక్రీ అమలు జరుపు ఏ కోర్టును గుర్తింపరాదు.

ఇది కఠినముగా తోచవచ్చును. కాని దీనికి కారణము లేకపోలేదు. డిక్రీ యనునది విచారణ ముగిసిన పిదప వెలువడిన తీర్పు. ప్రతి అమలు దరఖాస్తునందును "ఇచ్చితిని", "ఇయ్యలేదు" అను వాదమును మొదటినుండి విచారించినచో ఏ వ్యాజ్యమును ముగియదు. అందుచేత చట్టము, ఇచ్చినవాడు వెంటనే వచ్చి వ్రాయించుకొనవలెనని నియమించినది. 1976లో కోడును సవరించినప్పుడు ఈ నియమము మఱింత బిగింపబడినది. బాకీదారుడు అర్జీ పెట్టినప్పుడు చెల్లింపు చట్టము చెప్పిన మార్గమున జరిగియుండవలెను. లేదా పత్రసాక్ష్యముచే ఋజువు కావలెను. లేదా డిక్రీదారుడు ఒప్పుకొనవలెను. ఈ మూడింటిలో ఒకటియైన లేనిచో, కేవలము నోటి సాక్ష్యముమీద చెల్లు నమోదు కాదు. అరుగుమీద లెక్కపెట్టిన సొమ్మును పదిమంది చూచినను, వ్రాత లేనిచో అది నీటిమూటయే.

సొమ్ము చెల్లింపవలసిన మార్గములు

కనుక జాగ్రత్త సొమ్ము చేయి దాటకమునుపే మొదలు కావలెను. 21వ ఆర్డరు 1వ రూలు చూపు మార్గములలో మన సభ్యులకు పనికివచ్చునవి రెండు.

మొదటిది కోర్టులో జమకట్టుట. డిక్రీ అమలు జరుపవలసిన కోర్టునందు సొమ్ము దాఖలుచేసి, ఆ సంగతి డిక్రీదారునికి కోర్టుద్వారా గాని, ముట్టినట్లు రసీదు వచ్చునట్లు తపాలాద్వారా గాని నోటీసు ఇయ్యవలెను. ఆ నోటీసు అందిన దినమునుండి జమకట్టిన సొమ్ముపై వడ్డీ నిలిచిపోవును. నోటీసు ఇయ్యనిచో వడ్డీ నడచుచునే యుండునని గుర్తుంచుకొనవలెను. డిక్రీదారునితో మాట పొసగనివారికి ఈ మార్గమే శ్రేయస్కరము.

రెండవది డిక్రీదారునికే బ్యాంకుద్వారా గాని, వ్రాతమూలమైన ఋజువు నిలుచు మఱియొక విధమున గాని చెల్లించుట. ఇట్లు చెల్లించిన సొమ్ముపై చెల్లించిన దినమునుండియే వడ్డీ నిలుచును. బ్యాంకుద్వారా పంపునప్పుడు దావా నంబరును, ఉభయపక్షముల పేరులను, అమలు దరఖాస్తు నడచుచున్నచో దాని నంబరును, సొమ్ము అసలునకా, వడ్డీకా, ఖర్చులకా అను వివరమును, పంపువాని పేరు చిరునామాలను తెలుపవలెనని చట్టము చెప్పుచున్నది. ఫోనుద్వారా సొమ్ము పంపువారు ఈ వివరములతో ఒక ఉత్తరమును కూడ పంపి, దాని నకలును, బ్యాంకు లెక్కప్రతిని దాచుకొనుట మంచిది.

చేతికి రొక్కమిచ్చుట తప్పనిసరియైనచో రసీదులో దావా నంబరు, తేదీ, సొమ్ము అక్షరములలోను అంకెలలోను, "డిక్రీ మొత్తమునకు పూర్తి చెల్లు" లేక "భాగపు చెల్లు" అను మాట, డిక్రీదారుని సంతకము, ఇద్దఱు సాక్షుల సంతకములు ఉండవలెను. ఒట్టి "ముట్టినది" అను చీటీ ఏ బాకీకి సంబంధించినదో ఎవరును చెప్పజాలరు.

ముప్పది దినముల గడువు

ఈ పాఠమునందు సభ్యులు కంఠస్థము చేయదగిన సంఖ్య యొక్కటే. అది ముప్పది. 1963వ సంవత్సరపు లిమిటేషను చట్టములోని 125వ అధికరణము ప్రకారము, చెల్లింపు నమోదు కొఱకు బాకీదారుడు పెట్టు అర్జీ చెల్లించిన దినమునుండి 30 దినములలో పెట్టవలెను. విడతలుగా ఇచ్చువారు ప్రతి విడతకును ఈ లెక్క వేసికొనవలెను. చివరి విడత ముట్టిన పిదప అన్నింటిని ఒకేసారి వ్రాయింతమని జాగుచేసినచో, తొలి విడతల గడువు అప్పటికే దాటిపోవును.

డిక్రీదారునికో? అతనికి డిక్రీ అమలు కోరుటకు అదే చట్టము 136వ అధికరణము ప్రకారము 12 సంవత్సరముల వ్యవధి యున్నది. వ్రాయించుకొనువానికి ముప్పది దినములు, రాబట్టుకొనువానికి పండ్రెండేండ్లు! మన జాలరి డిక్రీ 2019 నాటిది గావున 2031 వఱకు అది బ్రతికియుండును. ఈ వ్యత్యాసమును తలచుకొన్నవారెవరును చెల్లు వ్రాయించుకొనుటలో ఆలసింపరు.

గడువు దాటినవారు ఏమి చేయవలెను? నిరాశపడనక్కఱలేదు. ముప్పది దినముల కట్టుబాటు బాకీదారుని అర్జీకి చెందినదే గాని, డిక్రీదారుడు తానై వచ్చి "నాకు సొమ్ము ముట్టినది" అని తెలుపుటకు కాదు. కావున అతడు సజీవుడై, మాటమీద నిలుచువాడై యున్నంతలోనే అతనిచేత కోర్టులో పూర్తి చెల్లు మెమో దాఖలు చేయించుకొనవలెను. పెద్దమనుష్యులద్వారా గాని, సంఘాధ్యక్షునిద్వారా గాని అడిగించుటలో చిన్నతనమేమియు లేదు. తీరిన డిక్రీని మోసముతో మరల అమలు చేయించుట శిక్షకు పాత్రమైన నేరమని కూడ అతడు తెలిసికొనుట మంచిది. అతడు నిరాకరించినచో వెంటనే వకీలును కలిసికొనవలెను.

వకీలు ఫీజుకు శక్తి లేనివారి కొఱకు 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము కలదు. స్త్రీలు, షెడ్యూలు కులములవారు, షెడ్యూలు తెగలవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. తక్కినవారిలో నియమిత ఆదాయమునకు లోబడినవారు అర్హులు. జిల్లా కోర్టు ఆవరణమునందలి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవలెను.

హక్కు తనంత తానే రాదు

హక్కు చట్టములో నున్నను అడిగినవానికే అది ఫలించునన్నది మన ప్రాంతమునకు క్రొత్త పాఠము కాదు. విశాఖపట్టణము మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1938లో, వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చినది. అసలునకు రెండింతలు అసలు రూపమునగాని వడ్డీ రూపమునగాని అప్పటికే చెల్లించిన రైతు బాకీ పూర్తిగా తీరినట్లే యని ఆ చట్టము చెప్పినది. అప్పటికే డిక్రీ అయిన బాకీలకును ఆ మేలు వర్తించెను. అయితే 19వ సెక్షను ప్రకారము బాకీదారుడు కోర్టునకు దరఖాస్తు పెట్టుకొన్నప్పుడే డిక్రీ సవరింపబడుటయో, పూర్తి చెల్లు వ్రాయబడుటయో జరిగెడిది. దరఖాస్తు పెట్టనివాని డిక్రీ యథాతథముగా నుండెను. చట్టము తలుపు తెఱచును గాని, చేయిపట్టి లోపలికి తీసికొనిపోదు.

నాలుగు పుస్తకములు

కోర్టులో చెల్లు నమోదైనంతమాత్రమున పని ముగిసినదనుకొనరాదు. ఒక్క బాకీ నాలుగు పుస్తకములలో వ్రాయబడియుండవచ్చును. నాలుగింటను కొట్టివేయింపవలెను.

మొదటి పుస్తకము కోర్టుది. దానిని గూర్చి పైన చెప్పితిమి. చెల్లు నమోదైన ఉత్తరువునకు ధృవీకరించిన నకలు కొఱకు దరఖాస్తు పెట్టి తీసికొనవలెను. తక్కిన మూడు పుస్తకములకును ఈ నకలే తాళపుచెవి. వ్యాజ్యము ఏ స్థితిలో నున్నదో ఈ-కోర్టుల సైటులో దావా నంబరుతో గాని, పదునారు అక్షరముల కేసు గుర్తుతో గాని రుసుము లేకుండ చూచుకొనవచ్చును.

రెండవ పుస్తకము ఋణదాతది. ప్రయివేటు ఋణదాతయైనచో అతనివద్ద మిగిలియున్న పత్రములను, నోటు దావాలో దాఖలై యున్నచో కోర్టునుండి దానిని గూర్చిన వివరమును తీసికొనవలెను. బ్యాంకైనచో "బాకీ లేదు" అను ధ్రువపత్రము పుచ్చుకొనవలెను. అప్పు పూర్తిగా తీరిన పిదప 30 దినములలో ఆస్తి పత్రములను తిరిగి ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకువారు 2023 సెప్టెంబరులో ఆదేశించిరి. బ్యాంకు కారణముననే జాగైనచో దినమునకు 5,000 రూపాయల వంతున పరిహారమియ్యవలెను. ఈ నియమము 2023 డిసెంబరు 1వ తేదీ మొదలు విడుదల కావలసిన పత్రములకు వర్తించును.

మూడవ పుస్తకము ఆస్తిది. డిక్రీ అమలులో ఇల్లుగాని, భూమిగాని జప్తు అయియున్నచో, డిక్రీ సొమ్ము ఖర్చులతోసహా కోర్టులో చెల్లినప్పుడు గాని, చెల్లు కోర్టునకు తెలుపబడినప్పుడు గాని జప్తు తొలగినట్లే యని 21వ ఆర్డరు 55వ రూలు చెప్పుచున్నది. బాకీదారుడు కోరినచో అతని ఖర్చుమీద జప్తు తొలగినట్లు చాటింపు వేయింతురు. జప్తు ఉత్తరువు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు చేరియున్నచో తొలగింపు ఉత్తరువును గూడ అచ్చటికి పంపింపవలసినదిగా కోర్టును కోరవలెను. పిదప ఈ.సి. తీసి చూచుకొనవలెను. పొలమమ్మువేళ, పిల్లల చదువునకు ఇల్లు తాకట్టుపెట్టువేళ పాత జప్తు బయటపడి బేరము చెడుట అరుదుకాదు.

నాలుగవది పరపతి పుస్తకము. దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది.

పరపతి పుస్తకము

1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిననాడు పరపతి యనగా ఇరుగుపొరుగువారి ఎఱుక. ఎవడు మాట నిలుపుకొనువాడో, ఎవడు ఎగవేయువాడో ఊరివారికి తెలియును. ఆ ఎఱుకయే జామీను. నేడు బ్యాంకువారు మనలను ఎన్నడును చూడని కంపెనీల పుస్తకములను చూచి అప్పిచ్చుచున్నారు. 2005వ సంవత్సరపు చట్టమునకు లోబడి రిజర్వు బ్యాంకు అనుమతితో మన దేశమున నాలుగు పరపతి సమాచార కంపెనీలు పనిచేయుచున్నవి. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. జనులు నాలుగింటిని కలిపి "సిబిల్" అనియే పిలుచుచున్నారు. ఇవి ఒక్కొక్కరికి 300 మొదలు 900 వఱకు ఒక అంకెను వేయును. జాలరిపేటలో అరుగుమీద జరిగిన సత్యము ఆ పుస్తకమునకు తెలియదు. బ్యాంకు పంపిన వ్రాతయే దానికి సత్యము.

ఇచ్చట ఒక భేదము తెలిసికొనవలెను. ప్రయివేటు ఋణదాత నోటు బాకీగాని, దానిపై వచ్చిన డిక్రీగాని సాధారణముగా ఈ పుస్తకములకు ఎక్కదు. ఈ కంపెనీలకు సమాచారము పంపునవి బ్యాంకులును, ఫైనాన్సు కంపెనీలును, అట్టి ఋణసంస్థలే. అట్టి సంస్థ దావా వేసినప్పుడు ఆ ఖాతాకు ఎదురుగా "దావా వేయబడినది" అను గుర్తు పడును. డిక్రీ సొమ్ము చెల్లించినను, బ్యాంకు క్రొత్త సమాచారము పంపనంతవఱకు ఆ గుర్తు తొలగదు. అప్పు తీసికొన్నవానికే గాక జామీనుదారునికి కూడ ఈ చిక్కు తగులును. స్నేహితునికి జామీనుండి, అతని బాకీ తీరిన పిదప కూడ తనకు అప్పు పుట్టక తిరుగువాడు చేసిన తప్పేమి?

గుర్తు మిగిలిపోవుటవలన నష్టమెంతయో లెక్కించి చూతము. కిసాను క్రెడిటు కార్డు సౌకర్యము 2018-19 నుండి మత్స్యకారులకును లభించినది. ఆస్తి తాకట్టు లేకుండ ఇయ్యదగిన వ్యవసాయపు అప్పు పరిమితి 2025 జనవరి 1వ తేదీనుండి 2 లక్షల రూపాయలైనది. ఇటీవలి సంవత్సరములలో ఈ కార్డుమీద సకాలమున తీర్చినవారికి ప్రభుత్వ రాయితీలు పోగా వడ్డీ నూటికి ఏటికి 4 రూపాయలు పడుచున్నది. లక్ష రూపాయలకు 4,000. అదే లక్షను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చినచో ఏటికి 24,000. ఒక గుర్తును తుడిపించుకొనని కారణమున కుటుంబము ఏటేట 20,000 రూపాయలు పోగొట్టుకొనుచున్నదన్నమాట. ఒక్కసారి డిక్రీ పాలైనవాడు మరల నోటు బాకీలోనికే జారుట ఈ మార్గముననే.

గుర్తును తొలగించుకొను విధము

ఒకటి. నాలుగు కంపెనీలలో ప్రతిదానినుండియు ఏడాదికొకసారి పూర్తి పరపతి నివేదికను ఉచితముగా పొందు హక్కు మనకు కలదు. ముందు దానిని తెప్పించి చూడవలెను. చదువుకొన్న పిల్లవాడు గాని, సంఘ కార్యదర్శి గాని ఫోనులోనే తెప్పింపగలడు.

రెండు. ఖాతా నంబరు, తీరిన తేదీ, మిగులు బాకీ సున్న, "దావా" గుర్తు, ఖాతా మూసినట్లున్నదా లేదా అను వానిని సరిచూడవలెను. మనది కాని అప్పు మన పేర నున్నదేమో కూడ చూడవలెను.

మూడు. తప్పున్నచో బాకీ లేదను పత్రమును, కోర్టు చెల్లు ఉత్తరువు నకలును జతపఱచి బ్యాంకునకు వ్రాతమూలముగా ఫిర్యాదు ఇచ్చి ముట్టినట్లు సంతకము తీసికొనవలెను. కంపెనీకి కూడ ఫిర్యాదు చేయవచ్చును. దీనికి రుసుము లేదు. అయితే ఋణదాత ధ్రువపఱుపక కంపెనీ తనంతట తాను సవరింపదు. కావున బ్యాంకును విడువరాదు.

నాలుగు. ఫిర్యాదు 30 దినములలో పరిష్కారము కావలెను. కానిచో ఆపై ప్రతిదినమునకు 100 రూపాయల పరిహారము ఫిర్యాదికి రావలెనని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఉత్తరువు చేసినది. అది 2024 ఏప్రిల్‌నుండి అమలులోనికి వచ్చినది. బ్యాంకు తన సవరణను 21 దినములలో పంపవలెను.

ఐదు. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు చెప్పుకొనవచ్చును. 14448 అను నంబరునకు ఫోను చేసి విధానము తెలిసికొనవచ్చును. పరపతి సమాచార కంపెనీలు 2022 సెప్టెంబరునుండి ఆ అధికారి పరిధిలో నున్నవి.

రెండు హెచ్చరికలు. "రాజీ" వేఱు, "పూర్తి చెల్లు" వేఱు. బ్యాంకు కొంత సొమ్ము వదలుకొని ఒకేసారి తీరువా చేసికొన్నచో నివేదికలో "సెటిల్డు" అని పడును. అది "క్లోజ్డు" అను మాటతో సమానము కాదు. అప్పిచ్చువారు దానిని లోపముగనే చూతురు. శక్తి కలిగినప్పుడు మిగిలిన సొమ్ము చెల్లించి ఖాతాను పూర్తిగా మూసివేయించుకొనుట మంచిది. రెండవది, వెనుకటి ఆలస్యములు నిజముగా జరిగియున్నచో వానిని ఎవరును వెంటనే తుడిచివేయజాలరు. తప్పు వ్రాతను సవరింపవచ్చును గాని నిజమైన వ్రాతను కాదు. "అయిదువేలిమ్ము, నీ సిబిల్ కడిగివేసెదను" అని తిరుగు దళారులకు సొమ్మిచ్చి మోసపోరాదు. వారు చేయగలిగిన న్యాయమైన పనియంతయు మనము ఉచితముగా చేసికొనవచ్చును. కాలము గడచుకొలది సకాలమున తీర్చిన క్రొత్త అప్పులే పాత మచ్చను మాపును.

సంఘముల బాధ్యత

ఇంతవఱకు బాకీదారుని పని చెప్పితిమి. మన సంఘములు కూడ ఋణదాతలే యని మఱవరాదు. 1964వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టము 61వ సెక్షను క్రింద సంఘము తన సభ్యునిపై తీర్పు పొందవచ్చును. ఆ సొమ్ము తీరిననాడు సభ్యుడు అడుగువఱకు వేచియుండుట సహకారధర్మము కాదు. రసీదు ఆ దినముననే ఇయ్యవలెను. అమలు జరుపు అధికారికి పూర్తి చెల్లు సంగతి వారము దినములలో వ్రాయవలెను. జామీనుదారులకు కూడ విడుదల చీటీ ఇయ్యవలెను. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుద్వారా సభ్యుని సమాచారము పైకి పోవుచున్నచో సవరణను పంపి, నకలును సభ్యునికియ్యవలెను. ప్రతి సంఘమును "తీరిన తీర్పుల పట్టిక" యొకటి యుంచి, ప్రతి నెల కార్యవర్గ సమావేశమున చదువుట మంచిదని మా సూచన. బాకీ రాబట్టుటలో చూపు శ్రద్ధను చెల్లు వ్రాయుటలో కూడ చూపిన సంఘమునే సభ్యుడు తనదిగా తలచును.

నమూనా అర్జీ

(వకీలుచేత సరిచూపించుకొని కోర్టు పద్ధతి ప్రకారము వ్రాయించుకొనవలెను.)

"........ కోర్టువారి సముఖమునకు. దావా నంబరు ........ . డిక్రీదారుడు ........ . బాకీదారుడు, అర్జీదారుడు ........ . సివిలు ప్రొసీజరు కోడు 21వ ఆర్డరు 2వ రూలు క్రింద అర్జీ. పై దావాలో ........ తేదీని ఇయ్యబడిన డిక్రీ మొత్తము వడ్డీ ఖర్చులతోసహా ........ రూపాయలను అర్జీదారుడు ........ తేదీని ........ బ్యాంకుద్వారా డిక్రీదారునికి చెల్లించినాడు. ఋజువుగా బ్యాంకు లెక్కప్రతియు, డిక్రీదారుని రసీదును జతపఱుపబడినవి. ఈ అర్జీ చెల్లించిన తేదీనుండి ముప్పది దినములలోగా దాఖలైనది. కావున డిక్రీదారునికి నోటీసు జారీచేసి, చెల్లింపును నమోదుచేసి, డిక్రీకి పూర్తి చెల్లు వ్రాయవలసినదిగా ప్రార్థన."

చర్చకు ప్రశ్నలు

1. డిక్రీ సొమ్ము చేతికిచ్చుటకంటె బ్యాంకుద్వారా ఇచ్చుట ఏల మేలు?

2. నాలుగు విడతలుగా చెల్లించువాడు ఎన్ని పర్యాయములు గడువు లెక్క వేసికొనవలెను?

3. మన సంఘమున గత మూడేండ్లలో తీరిన తీర్పులెన్ని? వానిలో ఎన్నింటికి అమలు అధికారివద్ద చెల్లు నమోదైనది?

4. మన సభ్యులలో ఎవరి జామీను బాకీ తీరియు పరపతి పుస్తకమున మిగిలియున్నది?

ఈ పాఠము చదివిన ప్రతి సభ్యుడును నేటి సాయంకాలము తన పెట్టె తెఱచి, పాత డిక్రీ నకలు, పాత రసీదు ఉన్నవేమో చూడవలెనని కోరుచున్నాము. ఉన్నయెడల వచ్చు సోమవారము కోర్టు పనివేళలలో దాని సంగతి విచారింపవలెను. తండ్రి తీర్చిన బాకీని బిడ్డలచేత రెండవమారు తీర్పింపకుండుటకు ఒక్కరోజు కూలి పోయినను నష్టము లేదు.